నలభై బళ్ళ రాళ్ళు

వంటింటి గడప దగ్గర,
మంగళవారం పొద్దున

తమ్ముడూ,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. నా మటుకు నేను బాగోలేను. వంకరపోయిన అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

నిన్న సాయంత్రం అమ్మాయి డ్యూటీ దిగి ఇంటికొచ్చింది. చేతుల్లో పెద్ద అట్టపెట్టె. "అమ్మా, గుండె పట్టుకోకు, ముందు కూర్చో" అంది. కూర్చోమన్నారంటే ఎవరో పోయినట్టే కదా. లారీ మీద వెళ్ళిన అల్లుణ్ణి తలుచుకున్నాను, నిన్ను తలుచుకున్నాను, ఇద్దరిలో ఎవరో తేల్చుకోలేక కళ్ళు తిరిగాయి. మూత తీస్తే ఆరు కోడిపెట్టలు. డిపోలో మెకానిక్కుకి బదిలీ అయిందట, ఎవరికిద్దామా అని చూస్తుంటే మన మహాతల్లి చెయ్యి చాపిందట. ఆఖరి ట్రిప్పులో తన సీటు పక్కనే పెట్టుకుని బస్సు నడుపుకుంటూ తెచ్చింది. జనం ఏమీ అనలేదా అని అడిగితే, "కండక్టరు ఒక్కడే అడిగాడమ్మా, అర టిక్కెట్టా, పూర్తి టిక్కెట్టా అని" అంటూ నవ్వుతుంది.

మనవరాలి సంగతి నీకు తెలుసు. పిడుగు అని ఊరికే అనలేదు. ఆ మూత తీసిన క్షణం నుంచి దానికి బడి లేదు, తిండి లేదు. పక్కచూపు చూసేదానికి టీచరమ్మ అని పేరు పెట్టింది. ఒకటి ఎప్పుడూ వీపు తిప్పి కూర్చుంటుంది, దాని పేరు అలక. వీటిని వెనక్కి ఇచ్చేద్దాం అంటే వీటితోపాటు పిల్ల కూడా పోయేట్టుంది.

అసలు సంగతి ఇది. పడుకోవడానికి వాటికి అల్లుడి పాత చెక్కపెట్టె సరిపోతుంది. పగలు తిరగడానికి వెనక వాకిట్లో దొడ్డి కట్టాలి, చుట్టూ వల, పైన వల. లేకపోతే పిల్లులు, కుక్కలు, గద్దలు. ఆరూ చచ్చిపడి ఉన్నట్టు నాకు ఇప్పటికే కళ్ళ ముందు కనిపిస్తోంది. కానీ గుంజ పాతడానికి మనకి మట్టి ఎక్కడుంది? వాకిలంతా గచ్చే. నువ్వు వేసిందే. బావిలో నలభై బళ్ళ రాళ్ళు పోసి పూడ్చి, పైన ఈ కొస నుంచి ఆ కొసకి సిమెంటు పరిచావు. ముప్పై ఎనిమిదేళ్ళయినా పెచ్చు ఊడలేదు.

నాకు గ్యాసుబండ అంటే భయం, మేడమెట్లంటే భయం, స్నానాలగదిలో నేలంటే భయం. ఆ గచ్చు మీద మాత్రం కళ్ళు మూసుకుని నడుస్తాను. అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు, బావిలోకి వంగి కాలి చెప్పు పడేసుకుంది. గౌను పట్టుకుని లాగాను కాబట్టి ఇవాళ బస్సు నడుపుతోంది. ఆ బావి లేకుండా చేశావు, నీ మేలు మరవను. మీ బావ పోయాక బట్టల తీగ కూడా నడిమధ్యకి మార్పించాను. ఆయనున్నన్నాళ్ళూ గోడవారగానే కట్టారు, అక్కడ ఎండ తగలదు, బట్టలన్నీ ముక్కవాసన. ఆ తీగ గురించి మేం పోట్లాడుకోని నెల లేదు.

గచ్చు పగలగొట్టకుండా గుంజలు ఎలా నిలబెట్టాలో రాయి. ఫోన్లో నేను అరిస్తే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు గానీ నీకు వినపడటం లేదు. తాపీమేస్త్రివి, నువ్వే వచ్చి కట్టిస్తే ఇంకా మంచిది. మీ బావ ఉంటే "బల్లిని పిలవవే" అనేవారు. నువ్వు మా వాకిట్లోకి ఎప్పుడొచ్చినా గోడకి అంటుకునే నడుస్తావని పెట్టిన పేరు కదా. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఈ ఉత్తరం నీకు చేరేలోగా ఇక్కడ ఏమీ జరక్కుండా ఉంటే చాలు.

అక్క


మేడమీద గది,
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం మొదటి పేజీ చదువుతుంటే నేను పోయాననే అనుకున్నాను. అట్టపెట్టెలో ఉన్నవి కోళ్ళని తెలిశాక మళ్ళీ బతికాను.

గచ్చు మీద గుంజ పాతక్కర్లేదు. ఖాళీ పెయింటు డబ్బాలు, పెద్దవి, ఎనిమిది సంపాదించు. ఒక్కో డబ్బాలో ఒక గుంజ నిలబెట్టి చుట్టూ కంకర, ఇసుక, సిమెంటు కలిపి పోయండి. దారానికి రాయి కట్టి గుంజ పక్కన వేలాడదీస్తే వంకర ఎటుందో తెలిసిపోతుంది. మూడు రోజులు తడుపుతూ ఉంటే గట్టిపడుతుంది. గుంజకీ గుంజకీ మధ్య అడుగున చెక్క కొట్టి, వల దానికి బిగించండి. కింద వేలు దూరే సందు కూడా ఉండకూడదు. తలుపు లోపలికి తెరుచుకోవాలి, బయటికి కాదు. బయటికి తెరిస్తే నువ్వు గింజలు వేసేలోపు అవి నీ కాళ్ళ సందులోంచి పోతాయి.

రెండు మాటలు గుర్తుపెట్టుకో. గచ్చులో మేకు దిగ్గొట్టొద్దు, సుత్తి తగలనివ్వొద్దు, డ్రిల్లు మాట ఎత్తొద్దు. దొడ్డి వంటింటి గోడవారగా కట్టు. నడిమధ్య వద్దు. అక్కడ ఎండకి సిమెంటు పెనంలా కాలుతుంది, కోళ్ళు తట్టుకోలేవు.

నేను రాలేను, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఇన్నాళ్ళకి భయం గురించి కాకుండా ఒక పని గురించి రాశావు. కోళ్ళకి నా దండాలు చెప్పు.

తమ్ముడు


వెనక వాకిట్లో పీట మీద,
గురువారం

తమ్ముడూ,

దొడ్డి లేచింది. డిపోలో బస్సులకి రంగులేసేచోట ఖాళీ డబ్బాలు దొరికాయి, అమ్మాయి సెలవురోజు చూసుకుని ఇద్దరం కూర్చుని కట్టాం. గుంజలన్నీ నిటారుగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది నేను పట్టుకున్న గుంజట. చెయ్యి వణికిందట.

గోడవారగా కడదామనే డబ్బాలు దింపాం. కానీ అక్కడ వంటింటి కిటికీ ఉంది, కిటికీ మీద నుంచి పిల్లి వల మీదికి దూకితే? వల తెగి లోపల పడితే? నడిమధ్యకి జరిపించాను. చుట్టూ నాలుగు వైపులా ఖాళీ, ఏం వచ్చినా దూరం నుంచే కనిపిస్తుంది. ఎండకి పైన పాత దుప్పటి కట్టాం. నీ మాట తీసేశానని అనుకోకు.

ఇప్పుడు వేరే గొడవ. టీచరమ్మ కుంటుతోంది. కాలెత్తి చూస్తే అరికాలు ఉబ్బి, మధ్యలో నల్లటి పొక్కు. నా ప్రాణం పోయింది. బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళితే, రోజంతా గట్టినేల మీద తిరిగితే ఇంతే, కింద జానెడు మందాన మెత్తగా ఏదో ఒకటి పరవండి అన్నాడు. అమ్మాయి ఇసుక అంటోంది. అల్లుడి స్నేహితుడి బండి మీద తెప్పిస్తుందట. మంచిదేనా?

ఇంకొకటి. మధ్యలో నీళ్ళు నిలబడుతున్నాయి. నువ్వు వేసినప్పుడు వాలు ఎంత చక్కగా ఉండేది, బకెట్టు నీళ్ళు గుమ్మరిస్తే వెనక తూములోకి జారిపోయేవి. ఇప్పుడు దొడ్డి కడిగితే మధ్యలో పళ్ళెం అంత మడుగు. అంతకంటే వింత, కాసేపటికి చూస్తే ఆ మడుగు ఉండదు. ఎండిపోయేంత ఎండేమీ లేదు. ఎటు పోతున్నాయో మరి.

పిడుగు బడి నుంచి వచ్చి సంచి విసిరేసి దొడ్డిలో దూరుతుంది. వాటి మధ్య కూర్చుని ఎక్కాలు అప్పజెబుతుంది. అలక మాత్రం వీపు తిప్పే ఉంటుంది.

వెంటనే రాయి.

అక్క


మేడమీద గది,
సోమవారం

అక్కా,

దొడ్డి మధ్యలో ఎందుకు కట్టావు? గోడవారగా అని రాశాను కదా. పిల్లి భయమైతే కిటికీకి జాలీ కొట్టించు. దొడ్డి జరిపించు. ఈ వారమే జరిపించు. పైకెత్తొద్దు, గోడ దగ్గర నిలబడి డబ్బాలు ఒక్కొక్కటే తాడుతో లాక్కోండి.

ఇసుక వద్దు. ఇసుకలో పురుగు పడుతుంది. వడ్లమిల్లులో ఊక దొరుకుతుంది, వడ్రంగి దగ్గర రంపపు పొట్టు దొరుకుతుంది, అవి పరవండి. తేలికగా ఉంటాయి. బరువైంది ఏదీ ఆ గచ్చు మీద వేయొద్దు.

నీళ్ళ గురించి కంగారుపడకు, పాత గచ్చు, ఎక్కడో చిన్న నెర్రె ఇచ్చి ఉంటుంది. పిల్లని మాత్రం దొడ్డిలో అంతంతసేపు కూర్చోనివ్వకు. కోళ్ళ దుమ్ము మంచిది కాదు.

జాగ్రత్త.

తమ్ముడు


వంటింటి గడప దగ్గర,
బుధవారం

తమ్ముడూ,

నువ్వు నాకు జాగ్రత్త అని రాశావు.

ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. నీకు మాటలొచ్చిన దగ్గర్నుంచి "ఏం కాదులే అక్కా" తప్ప నీ నోట ఇంకో మాట నేను వినలేదు. నాకు కాన్పు కష్టమైనప్పుడు అదే మాట. మీ బావకి జబ్బు చేసినప్పుడు అదే మాట. ఇప్పుడు ఆరు కోళ్ళకి జాగ్రత్త అన్నావు.

ఊక తెచ్చి పరిచి నాలుగు రోజులైంది. ఊకలో తేలో జెర్రో ఉంటుందని, పిడుగు లోపలికి వెళ్ళేముందు నేను రోజూ చేతికర్రతో అంతా పొడిచి చూస్తాను. ఇవాళ పొడుస్తుంటే చప్పుడు తేడాగా వచ్చింది. గోడవైపు పొడిస్తే టక్కుమంటుంది. మధ్యలో పొడిస్తే ఖాళీ డ్రమ్ము మీద కొట్టినట్టుంది. నా చెవులు నీ చెవుల్లాంటివి కావు, పనిచేస్తాయి. ఊక పక్కకి ఊడ్చి సుద్దముక్క తెచ్చుకున్నాను. చప్పుడు మారిన చోటల్లా ఒక గీత పెట్టుకుంటూ వచ్చాను. మోకాళ్ళ మీద పాకుతూ గంటసేపు. లేచి నిలబడి చూస్తే ఆ గీతలన్నీ కలిసి గుండ్రంగా ఉన్నాయి. బావి ఎంత ఉండేదో అంత.

పిడుగు బడి నుంచి వచ్చి చూసి, "ఆటకి గీశావా అమ్మమ్మా" అంటూ ఒంటికాలి మీద అందులోకి గెంతింది. చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చి వంటింట్లో కూర్చోబెట్టాను. ఎందుకు ఈడ్చావని అది ఏడుపు, ఎందుకు ఏడిపించావని వాళ్ళమ్మ.

అమ్మాయికి చెప్పాను. "పోయిన నెల గ్యాసు, ఈ నెల గచ్చా? వచ్చే నెలకి కూడా ఏదో ఒకటి మిగుల్చుకో అమ్మా" అంది. ఊక రెండు రోజుల్లో పేడ ముద్దయిపోతుందట, ఇసుకే మేలట. గేటు ముందు ఇసుక కుప్ప పోయించేసింది కూడా. ఆదివారం లోపలికి వేయిస్తుంది. దొడ్డి జరపడం మాట ఎత్తితే దండం పెట్టింది. దాన్ని అనడానికేముంది, నా నోట విన్న భయాల్లో ఇది ఎన్నోదో దానికి లెక్కేలేదు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. నలభై బళ్ళ రాళ్ళు పోశావు కదా? అమ్మాయి చెప్పు పడ్డాక నేను మూడు రోజులు బావి గట్టు మీద నుంచి లేవకపోతే నువ్వే వచ్చి, పిల్లని తీసుకుని నాలుగు రోజులు పిన్ని ఇంటికి వెళ్ళిరా అక్కా, వచ్చేసరికి బావి ఉండదు అన్నావు. వచ్చేసరికి లేదు. నలభై బళ్ళు పట్టింది అన్నావు. నేను బళ్ళు చూడలేదు. గచ్చే చూశాను.

నా భయం ఉత్తదే అని ఒక్క ముక్క రాయి. నువ్వు రాస్తే నమ్ముతాను.

అక్క


మేడమీద గది,
శనివారం

అక్కా,

ఇప్పుడే కింద కొట్టువాడి ఫోన్లోంచి నీకు చేశాను. చెప్పాల్సిన మూడు ముక్కలూ అరిచి పెట్టేశాను. నువ్వేమన్నావో నాకు వినపడలేదు. వినపడకపోవడమే మేలయింది, విని ఉంటే మిగతాది రాసే ధైర్యం ఉండేది కాదు.

నలభై బళ్ళు పోయలేదు. ఒక్క బండి కూడా పోయలేదు.

నువ్వు మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పిల్లని కొంగుతో నడుముకి కట్టుకుని గట్టు మీద కూర్చున్నావు. పెదాలు పగిలాయి. ఆ బావి పూడ్చాలంటే రాళ్ళు దొరికి, బళ్ళు దొరికి, రెండు వారాల పని. నువ్వు రెండు వారాలు ఉండేట్టు లేవు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, చేతిలో పని కొత్త, ఏదైనా చేయగలననుకునే వయసు. గట్టు పగలగొట్టి నేలకి సమం చేశాను. నోటికి అడ్డంగా ఇనుప చువ్వలు ఆరు వేసి, వాటి మీద పాత తలుపు రెక్కలు పరిచి, పైన నాలుగు వేళ్ళ మందం కాంక్రీటు పోసి వాకిలంతా కలిపేశాను. కింద అంతా ఖాళీ.

నువ్వు వచ్చి చూసి, దాని మీద కూర్చుని అన్నం తిన్నావు. పిన్ని ఇంట్లో కూడా గంజి తప్ప ఏమీ ముట్టలేదట, అదే మొదటి ముద్ద. నేను ఎదురుగా కూర్చుని చూశాను. అప్పుడు చెప్పాల్సింది. తర్వాత ఏ రోజూ దానికంటే సులువైన రోజు రాలేదు.

చువ్వలు ఈపాటికి తుప్పు పట్టి ఉంటాయి. చెక్క చివికి ఉంటుంది. దయచేసి ఎవరూ మధ్యకి పోవద్దు.

ఇంక ఏమని సంతకం పెట్టాలో తెలియడం లేదు.


ముందు గదిలో, తలుపు వేసుకుని,
మంగళవారం

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఇప్పటికి ఆరుసార్లు చదివాను. ఏడోసారి చదివితే ఇంకోలా ఉంటుందేమోనని చూస్తున్నాను.

శనివారం సంగతి చెప్తాను విను. ఫోన్ ఎత్తాను. నీ గొంతు. "పిల్లని లోపల ఉంచు, ఇసుక వేయొద్దు, ఎవరూ మధ్యకి పోవద్దు" అన్నావు. ఎందుకురా అని నేను పదిసార్లు అడిగాను. నువ్వు పెట్టేశావు. నా మొహం చూసి అమ్మాయి ఇంక నవ్వలేదు. "మావయ్య భయపడ్డాడంటే ఏదో ఉందమ్మా" అంది. నేను భయపడితే ఏమీ లేదు, నువ్వు భయపడితే ఏదో ఉంది. సరే.

పిడుగుని వంటింటి గడప మీద కూర్చోబెట్టి, కదిలితే చంపుతానన్నాను. వలలు విప్పాం, కోళ్ళని బుట్ట కింద పెట్టాం. అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి డబ్బాలు తాడుతో లాగుతోంది. అయిదు వచ్చాయి. ఆరోదానికి తాడు వేస్తుంటే చూశాం, బుట్ట కింద అయిదే ఉన్నాయి. అలక దొడ్డి ఉన్నచోటే, నా సుద్దగీత మధ్యలో, వీపు తిప్పి కూర్చుంది.

పిడుగు పరిగెత్తింది.

నేను ఎప్పుడు లేచానో తెలియదు. గౌను నా చేతికి దొరికింది. వెనక్కి లాగాను, ఇద్దరం వంటింటి మెట్టు మీద పడ్డాం. ముప్పై ఎనిమిదేళ్ళ కింద ఏ చేత్తో లాగానో ఆ చెయ్యే. అదే లాగుడు, అదే గచ్చు, అదే బావి.

అప్పుడు ఆ ఆరో డబ్బా పోయింది. పెద్ద చప్పుడేమీ లేదు. గుంజ కాస్త ఒరిగింది, నేలలోకి కుంగింది, తర్వాత లేదు. డబ్బా ఉన్నచోట జల్లెడ అంత కన్నం. మేం ముగ్గురం చూస్తూ ఉన్నాం. నేను ఊపిరి తీసుకుని వదిలాను, అప్పుడు వినపడింది కింద నీళ్ళ చప్పుడు. ఇంకా నీళ్ళున్నాయి తమ్ముడూ. నాలుగేళ్ళుగా నేను నీళ్ళ మీద ఆరబెట్టుకున్న బట్టలు కట్టుకున్నాను.

అలక ఎగిరి గోడెక్కింది. దానికేమీ కాలేదు.

మర్నాడు అమ్మాయి నిచ్చెన పరిచి, దాని మీద బోర్లా పాక్కుంటూ వెళ్ళి టార్చి వేసి చూసింది. ఎంత మొత్తుకున్నా వినలేదు, కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. చెక్కలు నల్లగా నానిపోయి వేలాడుతున్నాయట. ఒక ముక్కకి ఇంకా నీలం రంగు ఉందట, ఇత్తడి గొళ్ళెం కూడా ఉందట. నీలం రంగు, ఇత్తడి గొళ్ళెం, మన వీధి తలుపు. కొత్త తలుపు పెట్టినప్పుడు పాతది ఎవరో అడిగితే ఇచ్చేశానని చెప్పారు మీ బావ.

నాలుగేళ్ళ కింద ఆయన్ని ఎక్కడ పడుకోబెట్టారో గుర్తుందా నీకు? ఆ వాకిట్లోనే, నడిమధ్యలో. చుట్టూ యాభై మంది నిలబడ్డారు. డిపోవాళ్ళు, వీధివాళ్ళు, చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు. నువ్వు మాత్రం గోడకి ఆనుకుని నిలబడ్డావు. దగ్గరికి రా అని పిలిచాను, తల అడ్డంగా ఊపావు. చూడలేకపోతున్నాడు, బావంటే అంత ప్రాణం అనుకున్నాను. అదే మాట ఎంతమందికో చెప్పాను కూడా.

నువ్వు గోడ పట్టుకుని నిలబడి, మమ్మల్నందరినీ లెక్కపెట్టుకుంటూ ఉన్నావా?

ఒక్కదానికి జవాబు రాయి. మిగతాది అక్కర్లేదు. మీ బావకి తెలుసా?


మేడమీద గది,
శుక్రవారం

అక్కా,

తెలుసు.

తలుపు రెక్కలు ఒక వైపు ఆయన పట్టుకున్నాడు, ఒక వైపు నేను. నీకు చెప్పొద్దని ఆయన అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం పని అయ్యాక చేతులు కడుక్కుంటూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, అంతే.

ప్రతి ఎండాకాలం పూడ్చేద్దాం అనుకునేవాళ్ళం. పూడ్చాలంటే పగలగొట్టాలి. పగలగొడితే నీకు తెలుస్తుంది. తెలిస్తే నువ్వు మళ్ళీ గట్టు మీద కూర్చుంటావని ఇద్దరికీ భయం. ఆయన తీగ గోడవారగా కట్టింది అందుకే. మంచం ఎప్పుడూ మెట్ల దగ్గరే వేసుకునేవాడు, గాలి అటే వస్తుందని నీతో అనేవాడు. నన్ను బల్లి అని పిలిచేవాడు కదా, నువ్వు నవ్వేదానివి. ఆయన నవ్వుతూ నా వైపు చూసే చూపు నువ్వు ఎప్పుడూ చూడలేదు.

ఆయన పోయిన రోజు వాళ్ళు మధ్యలో దించుతుంటే నోరు తెరిచాను. మాట రాలేదు. అవును, లెక్కపెట్టాను. యాభై మూడు. అందరూ వెళ్ళిపోయేదాకా గోడ వదల్లేదు. నువ్వు తీగ మధ్యకి మార్పించానని చెప్పిన రోజు నుంచి మీ ఇంటికి రావడం మానేశాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

నా చేత్తో కప్పింది నా చేత్తోనే పూడుస్తాను. రమ్మంటే వస్తాను. మొహం చూపించొద్దంటే మేస్త్రీలని పంపిస్తాను.


వంటింటి గడప దగ్గర,
సోమవారం

తమ్ముడూ,

నీ జవాబు చదివి ముందు గది తలుపు మళ్ళీ వేసుకున్నాను. అన్నం మాత్రం తిన్నాను. తినకపోతే ఏమవుతుందో చూశాను కదా.

మీ బావ ఫోటో దగ్గర కూర్చుని చాలా తిట్టాను. ముప్పై నాలుగేళ్ళు నా పక్కన పడుకుని, వాన పడిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచేవారు. నేనేమో, మీకు కూడా నా జబ్బు అంటుకుంది అని వెక్కిరించేదాన్ని. ఆయన ఒక్కరే భయపడ్డారు, నేను హాయిగా గురకపెట్టాను. ఈ ఇంట్లో నాకు భయం లేని చోటు ఒక్కటే ఉండేది, ఆ చోటు కోసం మీరిద్దరూ ఇంత చేశారు. తలుచుకుంటే ఒకసారి చంపాలనిపిస్తుంది, ఒకసారి ఏడుపొస్తుంది.

కానీ ఇది విను. నాకు భయపడటం వచ్చు. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని అదొక్కటే, అందులో నన్ను మించినవాళ్ళు లేరు. ఆ రోజు నాకు నిజం చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, అరిచేదాన్ని, రెండు వారాలు గట్టు మీద కాపలా ఉండేదాన్ని. ఉండి, బావి పూడ్చించేదాన్ని. ఇంకెప్పుడూ నన్ను ఊరుకోబెట్టడానికి ఏదీ దాచొద్దు. అమ్మాయికి కూడా ఇదే చెప్పాను. అది వెంటనే, "అయితే బ్రేకులు సరిగా లేని బస్సు రెండు రోజులు నడిపానమ్మా" అంది. నా గుండె ఆగింది. అయినా చెప్పినందుకు మెచ్చుకున్నాను.

సుద్దగీతకి బయట చుట్టూ అడ్డుగా అయిదు డబ్బాలు పెట్టి తాడు కట్టాం, మిగిలిన రెండూ ఉన్నచోటే వదిలేశాం. కోళ్ళు వంటింటి గోడవారగా, గోడకే కట్టిన వల కింద ఉన్నాయి, నువ్వు మొదట చెప్పినచోటే. కిటికీకి జాలీ కొట్టించాను. ఊక రోజూ మారుస్తున్నాం, టీచరమ్మ కాలు తగ్గింది. అలక ఇప్పుడు పిడుగు ఒళ్ళో కూర్చుంటుంది, వీపు మాత్రం మా వైపే.

బుధవారం అల్లుడు వస్తున్నాడు. వాడి లారీ మీద రాళ్ళు తోలుతాడు, లారీకి నాలుగు బళ్ళ లెక్క. అంటే పది ట్రిప్పులు. నేను మెట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెడతాను. తొమ్మిదికి ఆపావంటే ఊరుకోను.

నువ్వు రా. మేస్త్రీలని పంపొద్దు, నువ్వే రా. రాళ్ళు నిండి, మట్టి నిండి, దిమ్మిసతో గట్టిగా అణిచి, కొత్త గచ్చు ఆరాక ముందు నువ్వు నడవాలి. గోడ వదిలి, నడిమధ్యలోంచి, ఈ కొస నుంచి ఆ కొసకి. నీ వెనక నేను. నా వెనక కోళ్ళు.

పిడుగుని మాత్రం ఇంకో ఏడాది దాకా దాని మీదికి రానివ్వను.

అక్క